టిప్పర్ దిగి ఓపెన్‌కాస్ట్‌లో డంపర్ ఎక్కాలా? 22 ఏళ్లు ఈ పనిలో ఉన్నవాడి జవాబు

తమ్ముడూ, నువ్వు అడిగింది ఇది: నాలుగేళ్లుగా టిప్పర్ నడుపుతున్నావు. ఓపెన్‌కాస్ట్ గనిలో, అంటే పైనుంచి తవ్వుకుంటూ పోయే గనిలో, మట్టీ రాయీ మోసే పెద్ద బండికి, అంటే డంపర్‌కి ఆపరేటర్‌గా చేరే అవకాశం వచ్చింది. టిప్పర్ అనుభవం అక్కడ పనికొస్తుందా, నైట్ షిఫ్టులు తట్టుకోగలనా, ప్రమాదం ఎంత, రేపు డ్రైవర్ లేని బండ్లు వస్తే నా పని ఏమవుతుంది అని నాలుగు ప్రశ్నలు వేశావు. నేను తొమ్మిదేళ్లు డంపర్, ఐదేళ్లు డోజర్ (మట్టి తోసే యంత్రం), ఎనిమిదేళ్లు షావెల్ (తవ్వి డంపర్లలో నింపే యంత్రం) నడిపాను. ఇప్పుడు కొత్తగా చేరేవాళ్ల పక్క సీట్లో కూర్చుని నేర్పుతున్నాను. తెలిసింది చెబుతాను.

టిప్పర్ అనుభవం సగం పనికొస్తుంది, సగం అడ్డమొస్తుంది. అడ్డమొచ్చే సగం గురించే ముందు చెప్పాలి, ఎందుకంటే నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువ ఇబ్బంది పడేది అసలు బండి తెలియనివాళ్లు కాదు, పదేళ్లు లారీ తోలి వచ్చినవాళ్లు.

నా మొదటి రోజు శిక్షణ ఇచ్చిన పెద్దాయన బండి స్టార్ట్ చేయనివ్వలేదు. క్యాబిన్‌లో కూర్చోబెట్టి, తాను కిందకి దిగి, ఒక నారింజ రంగు కోన్ చేత్తో పట్టుకుని డంపర్ చుట్టూ నడవడం మొదలుపెట్టాడు. కోన్ కనపడినప్పుడల్లా హారన్ కొట్టమన్నాడు. ఎడమ పక్క, అంటే నా సీటు ఉన్న వైపు, బాగానే కొట్టాను. ఆయన బండి ముందుకి వచ్చేసరికి మనిషీ లేడు, కోనూ లేదు. కుడి వైపుకి వెళ్లాక ఎంతసేపటికీ కనిపించడు. చివరికి ఎక్కడో దూరంగా, రోడ్డు అవతలి అంచు దగ్గర తేలాడు. పైకొచ్చి ఒకే మాట అడిగాడు: "నేను కనపడని జాగాలో ఎన్ని జీపులు పెట్టొచ్చో లెక్కేశావా?" అద్దాలు, కెమెరాలు ఇప్పుడు చాలా మెరుగయ్యాయి. అయినా ఈరోజుకీ నా దగ్గరికి వచ్చే ప్రతివాడితో ఆ కోన్ ఆట ఆడిస్తాను.

టిప్పర్‌లో నువ్వు ఎదుటివాడిని చూసి నడుపుతావు. ఇక్కడ ఎదుటివాడు నీకు కనపడడన్న లెక్క మీద నడపాలి. అందుకే గనిలో రేడియో అంత ముఖ్యం. చిన్న బండి నీ దగ్గరికి రావాలంటే ముందు రేడియోలో పిలవాలి, నువ్వు సరేనని బదులివ్వాలి, ఆ తర్వాతే కదలాలి. బదులు రాకపోతే రాకూడదు. చాలా గనుల్లో హారన్‌కి కూడా లెక్క ఉంటుంది: ఒకటి కొడితే ఇంజిన్ స్టార్ట్ చేస్తున్నానని, రెండు కొడితే ముందుకి, మూడు కొడితే వెనక్కి. కొట్టి వెంటనే కదలకూడదు, నాలుగైదు సెకన్లు ఆగాలి. బండి కింద ఎవరైనా ఉంటే బయటికి రావడానికి ఆ ఐదు సెకన్లే దిక్కు.

రెండో అలవాటు దిగుడు. లారీవాళ్లు దిగుడులో న్యూట్రల్ వేస్తారు, డీజిల్ మిగులుతుందని. డంపర్‌లో ఆ ఆలోచన వచ్చినా నేను సీట్లోంచి దింపేస్తాను. వంద టన్నుల క్లాసు డంపర్ ఖాళీగానే డెబ్బై టన్నుల చుట్టుపక్కల ఉంటుంది, లోడు పడితే నూట అరవై దాటుతుంది. గనిలో డంపర్లు తిరిగే రోడ్డు (హాల్ రోడ్) వాలు మామూలుగా 8 నుంచి 10 శాతం. ఆ వాలులో అంత బరువుని కాలి బ్రేకుతో ఆపుతూ పోతే బ్రేకులు కాలిపోతాయి. అందుకే రిటార్డర్ ఉంటుంది, దిగుడులో వేగం పెరగకుండా పట్టి ఉంచే ఏర్పాటు. మెకానికల్ డ్రైవ్ బండ్లలో నూనెతో చల్లబడే బ్రేకు డిస్కులే ఆ పని చేస్తాయి. ఎలక్ట్రిక్ డ్రైవ్ బండ్లలో చక్రాల మోటార్లు జనరేటర్లుగా మారి, పుట్టిన కరెంటుని రెసిస్టర్ గ్రిడ్‌లలో వేడిగా వదిలేస్తాయి. ఏదైనా సరే, గేరు, వేగం దిగుడు మొదలవక ముందే, పైన సమతలం మీద ఉన్నప్పుడే సెట్ చేసుకోవాలి. సగం దిగాక వేగం ఎక్కువైందని తెలిస్తే అప్పటికే సగం ఆలస్యమైనట్టు.

పనికొచ్చే సగం కూడా ఉందిలే. బరువు కింద బండి ఎలా ప్రవర్తిస్తుందో నీ ఒంటికి తెలుసు. మలుపులో లోడు ఏ పక్కకి లాగుతుందో, తడి మట్టిలో చక్రం ఎప్పుడు పట్టు వదులుతుందో పుస్తకం చదివితే రాదు. రివర్స్ అద్దాల్లో చూసి చేయడం కూడా నీకు వచ్చే ఉంటుంది. డంపర్ నడపడం, అంటే ఉత్త నడపడం, మూడు నెలల్లో వచ్చేస్తుంది. స్టీరింగ్ తేలిక, గేర్లు ఆటోమేటిక్, క్యాబిన్‌లో ఏసీ. నేల ఎలా ఉందో కనిపెట్టడమే ఏళ్ల తరబడి నేర్చుకోవాలి.

తవ్విన మట్టి పోసే గుట్ట, అంటే డంప్ దగ్గర ఉన్నంత ప్రమాదం గనిలో ఇంకెక్కడా లేదని నా అభిప్రాయం. వంద మంది వంద చెబుతారు, నేను మాత్రం డంప్ అంచే అంటాను. అంచున మట్టి గట్టు వేసి ఉంటుంది, దాన్ని బర్మ్ అంటాం. గనిలో తిరిగే అతి పెద్ద బండి చక్రం ఎత్తులో కనీసం సగమైనా అది ఉండాలి. కొత్తవాళ్లు దాన్ని స్టాపర్ అనుకుంటారు. వెనక టైర్లు దానికి తగిలేదాకా వచ్చి ఆపుతారు. బర్మ్ ఉన్నది అంచు ఎక్కడుందో చూపించడానికి. అంత బరువుని ఆపడానికి కాదు. దానికి తగలకముందే బ్రేకుతో ఆగాలి. అంచుకి తిన్నగా రివర్స్ రావాలి. వంకరగా వస్తే ఒక పక్క వెనక చక్రాలు ముందే అంచుకి చేరతాయి, మొత్తం బరువు ఆ పక్కన పడుతుంది.

ప్రతి ట్రిప్పులో నేను మూడు చూసేవాణ్ని. ఒకటి, అంచుకి సమాంతరంగా పగులు ఉందా. వెంట్రుక మందం ఉన్నా పగులు పగులే. రెండు, రాత్రి వాన పడిందా. మూడోది చాలామంది మరిచిపోతారు: డంప్ కింద పాదం దగ్గర ఎవరైనా మట్టి తవ్వి తీసుకెళ్తున్నారా. పైన నిలబడ్డవాడికి అంతా గట్టిగా కనిపిస్తుంది, కిందనేమో ఆసరా పోయి ఉంటుంది. ఈ మూడింట్లో ఒక్కదానికి అనుమానం వచ్చినా, అంచు దాకా వెళ్లకుండా ఒక బండి పొడవు వెనకే పోసెయ్యి. మిగతాది డోజర్ వాడు తోస్తాడు. గంటకి ఒక ట్రిప్పు తగ్గుతుందని ఎవరైనా గొణిగితే గొణగనీ. నేను డోజర్ మీద ఉన్న ఐదేళ్లలో వెనకే పోసినందుకు ఏ డంపర్ వాణ్నీ తిట్టలేదు. అంచు దాకా వచ్చినవాళ్లని మాత్రం బాగా తిట్టాను.

ఇంకొకటి. బంక మట్టి లోడు పోసేటప్పుడు బాడీ లేచినా మట్టి జారదు, వెనకాల అంటుకుని ఉంటుంది. బరువంతా వెనక్కి చేరి ముందు చక్రాలు తేలికైపోతాయి. అప్పుడు లారీవాళ్లకి అలవాటైన పని ఒకటి ఉంది: కొంచెం ముందుకి పోయి గట్టిగా బ్రేకు కొట్టి ఊడగొట్టడం. ఆ పని చెయ్యకు. బాడీ దించి, సూపర్‌వైజర్‌ని పిలువు.

ఇక నైట్ షిఫ్ట్. నీ ప్రశ్నలో దీన్ని ఒక్క వాక్యంలో అడిగేశావు గానీ, ఈ ఉద్యోగంలో సగం ఇదే.

నేను చేరిన మూడో ఏడు. తెల్లవారుజామున నాలుగున్నర అయి ఉంటుంది. డంప్‌లో లోడు పోసి ఖాళీగా తిరిగొస్తున్నాను. ఆ రాత్రి అదే రోడ్డు మీద పదహారో పదిహేడో ట్రిప్పు. ఏసీ చల్లగా ఉంది, ఇంజిన్ ఒకే శ్రుతిలో మోగుతోంది, లైట్ల వెలుగులో అదే మట్టి రంగు. ఉన్నట్టుండి స్టీరింగ్ చేతుల్లో గుంజింది, ఎడమ పక్క మట్టిగడ్డలు పటపటమని పగులుతున్న చప్పుడు. ముందు టైరు బర్మ్ ఎక్కుతోంది. ఆపాను. అద్దంలో వెనక్కి చూస్తే బర్మ్ పక్కన నలభై మీటర్ల పొడవున టైరు గీసుకుపోయిన జాడ. ఆ నలభై మీటర్లలో ఒక్కటి కూడా నాకు గుర్తు లేదు. కునుకు పట్టిందని కూడా తెలియలేదు. నా లెక్కలో నేను మెలకువగానే ఉన్నాను.

అసలు తప్పు ఆ తర్వాత చేశాను. ఎవరికీ చెప్పలేదు. తెల్లారాక సూపర్‌వైజర్ ఆ గీత ఎవరిదని అడిగితే నోరు మెదపలేదు. మధ్యాహ్నం వర్క్‌షాప్‌లో చూస్తే ఆ టైరు సైడ్‌వాల్ రాయికి కోసుకుపోయి ఉంది. అప్పటికే నా తర్వాతి షిఫ్టు కుర్రాడు ఆ టైరు మీద ఏడు లోడ్లు మోశాడు. అతనికి ఏమీ కాలేదు. అయినా ఇప్పటికీ అతను ఎదురైతే నాకు ఏదోలా ఉంటుంది.

నిద్ర సంగతి మనోబలంతో తేలేది కాదు. 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపించారు: 17 గంటలు వరసగా మేలుకుని ఉన్న మనిషి చేతి, కంటి పనితనం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడి స్థాయికి పడిపోతుంది. పొద్దున ఆరింటికి లేచి, పగలంతా ఇంటి పనులు చూసుకుని, రాత్రి షిఫ్టుకి వచ్చినవాడు పదకొండింటికే ఆ స్థాయికి చేరతాడు. షిఫ్టు అప్పుడే మొదలవుతుంది. అందుకని మొదటి నైట్‌కి ముందు మధ్యాహ్నం రెండు మూడు గంటలైనా పడుకో. గదికి మందపాటి కర్టెన్ వెయ్యి, ఫోన్ పక్క గదిలో పెట్టు. ఇంట్లోవాళ్లకి ఒకటే చెప్పు: నేను పగలు పడుకున్నప్పుడు, అది నాకు అర్ధరాత్రి. రెండు నుంచి ఆరు మధ్య ఒళ్లు ఎంత చెప్పినా వినదు. టీ ఒక గంట నెట్టుకొస్తుందేమో, అంతే. ఆవలింతలు కాదు చూడాల్సింది. పోయిన రెండు నిమిషాల రోడ్డు గుర్తుందా లేదా అని నిన్ను నువ్వు అడుగు. గుర్తు లేకపోతే బండి పక్కన ఆపి, రేడియోలో చెప్పి, పది నిమిషాలు దిగి నడువు. ఇప్పుడు కంటి రెప్పలు గమనించే కెమెరాలు చాలా బండ్లలో వచ్చాయి. కుర్రాళ్లు వాటి మీద విసుక్కుంటారు. నాకు ఆ రోజు అలాంటిది ఉండి ఉంటే ఆ టైరు కోసుకునేది కాదు.

డంపర్ తర్వాత ఏమిటని నువ్వు అడగలేదు కానీ చెబుతాను. వాటర్ ట్యాంకర్ పనిని అందరూ చిన్నచూపు చూస్తారు. దుమ్ము లేవకుండా రోడ్డు తడపాలి, అదే సమయంలో వాలు మీద డంపర్లు జారకూడదు. అందుకని వాలులో రోడ్డంతా ఏకధాటిగా తడపరు, కొంత తడి కొంత పొడి వదులుతూ పోతారు. తెలియక నిండుగా తడిపితే వెనకొచ్చే లోడు బండి సబ్బు మీద కాలేసినట్టే. రోడ్డు చదును చేసే గ్రేడర్ నా లెక్కలో అన్నిటికంటే కష్టమైన యంత్రం, నాకు చివరిదాకా సరిగ్గా రాలేదు. మంచి గ్రేడర్ ఆపరేటర్ ఉన్న గనిలో టైర్లు ఎక్కువకాలం వస్తాయి, డ్రైవర్ల నడుములు కూడా. రోడ్డు మీద పడిన ఒక్క రాయి టైరుని చంపేయగలదు. పెద్ద డంపర్ల టైరు నాలుగు మీటర్ల ఎత్తు, ఐదు టన్నుల పైన బరువు ఉంటుంది, దాన్ని మార్చడం ఒక పూట పని.

షావెల్ దగ్గరికి వచ్చేసరికి లోకం మారిపోతుంది. డంపర్‌లో నువ్వు ఒక్కడివి. షావెల్‌లో కూర్చుంటే ఐదారు డంపర్ల వేగం నీ చేతిలో ఉంటుంది. బకెట్ నింపి, తిరిగి, పోసి, మళ్లీ ఫేస్‌కి, అంటే తవ్వే గోడకి, రావడానికి ముప్పై, ముప్పై ఐదు సెకన్లు. డంపర్‌ని సరిగ్గా నిలబెట్టుకుని తిరిగే కోణం తగ్గించుకుంటే అందులో నాలుగైదు సెకన్లు మిగులుతాయి. షిఫ్టు మొత్తానికి లెక్కేస్తే అవి ఎన్నో లోడ్లు. మొదటి బకెట్‌లో పొడి మట్టి పోయాలి, బాడీలో పరుపులా పరుచుకోవాలి. బండరాళ్లు ఆ తర్వాత, అవి కూడా తక్కువ ఎత్తు నుంచి. ఖాళీ బాడీలో మొదటే రాయి వేస్తే కింద కూర్చున్నవాడి వెన్నుపూస ఝల్లుమంటుంది. తొమ్మిదేళ్లు ఆ దెబ్బలు తిన్నాను కాబట్టి చెబుతున్నాను. డంపర్ నడపనివాణ్ని నేరుగా షావెల్ ఎక్కించడం నాకు నచ్చకపోవడానికి కారణం అదే. బకెట్‌ని క్యాబిన్ మీదుగా తిప్పడం ఎప్పుడూ, ఎక్కడా, ఏ తొందరలోనూ ఉండకూడదు. బెంచ్ (మెట్టులా తవ్విన గోడ) అడుగున తొలిచి పైన చూరులా వేలాడేలా చేయడం కూడా అంతే.

గోడల సంగతి తలచుకుంటే నాకు అమెరికాలోని యూటాలో బింగామ్ కాన్యన్ రాగి గని గుర్తొస్తుంది. 2013 ఏప్రిల్ 10 రాత్రి అక్కడ గని గోడ రెండు విడతలుగా విరిగిపడింది. కోట్ల టన్నుల రాయి జారి అడుగుకి చేరింది, షావెళ్లు, డంపర్లు దెబ్బతిన్నాయి. ఒక్క మనిషికి గాయం కాలేదు. రాడార్లు, ఇతర పరికరాలు ఆ గోడ కదలికని ముందునుంచే కొలుస్తున్నాయి, కదలిక వేగం పెరగడం చూసి మనుషుల్ని ముందే బయటికి పంపేశారు. నీ గనిలో అంత సరంజామా ఉండకపోవచ్చు. నీ పైనున్న గోడ నుంచి చిన్న రాళ్లు రాలడం మొదలైతే, నిన్నటి పగులు ఈరోజు వెడల్పైతే, దాన్ని చూసేది మాత్రం నువ్వే. పని ఆపి చెప్పు. పొరపాటైతే నవ్వుతారు, నవ్వనీ.

ప్రమాదాల్లో రెండు మాత్రం కచ్చితంగా గుర్తుపెట్టుకో, ఎందుకంటే వీటిలో తోచింది చేస్తే ప్రాణం పోతుంది. బండి కరెంటు తీగకి తగిలితే దిగకు. క్యాబిన్‌లోనే ఉండి రేడియోలో చెప్పు, లైను ఆఫ్ చేశామని ఖాయంగా చెప్పేదాకా కదలకు. మంట వచ్చి దిగక తప్పకపోతే, బండినీ నేలనీ ఒకేసారి తాకకుండా రెండు కాళ్లు దగ్గరగా పెట్టి దూకు, తర్వాత పాదాలు ఒకదానికొకటి ఆనించి ఈడ్చుకుంటూ దూరం పో. ఇక రెండోది టైరు. బ్రేకులు బాగా వేడెక్కినా, పిడుగు పడినా, తీగ తగిలినా టైరు లోపలి రబ్బరు కాలి గ్యాసు పుడుతుంది. బయటికి ఏమీ కనపడదు. గంటల తర్వాత బాంబులా పేలొచ్చు. అలాంటి బండికి 300 మీటర్ల దూరంలోకి 24 గంటలపాటు ఎవరూ రాకూడదు. నీళ్లు తీసుకుని ఆర్పడానికి పరిగెత్తకు.

ఒంటి సంగతి. నడుము పోతుందని అందరూ భయపెడతారు. పోయేది ఎక్కువగా సీటు సర్దుకోకపోవడం వల్ల. సస్పెన్షన్ సీటుకి నీ బరువు సెట్ చేసే నాబ్ ఉంటుంది. నీకంటే ముప్పై కిలోలు ఎక్కువ ఉన్నవాడు దిగిన సీట్లో అలాగే కూర్చుంటే ఆ సీటు నీకు పని చెయ్యదు. షిఫ్టు మొదట్లో అర నిమిషం పని. దిగేటప్పుడు బండి వైపు ముఖం పెట్టి, రెండు చేతులు, ఒక కాలు, లేదా రెండు కాళ్లు, ఒక చెయ్యి ఎప్పుడూ నిచ్చెన మీద ఉండాలి. ఆఖరి మెట్టు నుంచి దూకే కుర్రాళ్లని చూస్తే నా మోకాళ్లు నొప్పెడతాయి, నేనూ దూకాను మరి. కిటికీ తెరవకు, దుమ్ములో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తుల్లోకి పోయింది బయటికి రాదు. ఇంకా, షిఫ్టు మొదట్లో చుట్టూ తిరిగి చూసేటప్పుడు వెనక జంట టైర్ల మధ్య రాయి ఇరుక్కుందా, దాన్ని తోసేసే ఇనుప కడ్డీ ఉందా అని చూడు. కడ్డీ ఊడిపోయి రాయి ఇరుక్కుంటే వేగం మీద అది ఫిరంగి గుండే.

చివరి ప్రశ్న, డ్రైవర్ లేని డంపర్లు. ఇది పుకారు కాదు. 2008 నుంచే చిలీలోని ఒక రాగి గనిలో, ఆస్ట్రేలియాలోని పిల్బరా ఇనుప గనుల్లో అలాంటి డంపర్లు తిరుగుతున్నాయి. డంపర్ పని ముందు పోవడానికి కారణం తేలికే: ఒకే రోడ్డు, అదే ట్రిప్పు, నన్ను నలభై మీటర్లు నిద్రపుచ్చిన ఆ విసుగు కంప్యూటర్‌కి ఉండదు. కానీ ఆ గనుల్లో కూడా షావెల్, గ్రేడర్ వంటివాటి మీద మనుషులు ఉంటూనే ఉన్నారు. ప్రతి బకెట్‌కి ఫేస్ మారుతుంది, రాయి మారుతుంది, అది చూసి తేల్చుకునే మనిషి కావాలి. చిన్న గనులు ఆ ఖర్చు ఇప్పట్లో పెట్టుకోలేవు. అయినా నేనైతే డంపర్ ఒక్కదాన్నే నమ్ముకోను. చేరిన రెండేళ్లలో డోజర్‌కి పేరు ఇవ్వు, ఖాళీ దొరికినప్పుడల్లా గ్రేడర్ పక్క సీటు అడుగు.

చేరమనే చెబుతాను. కాకపోతే సంతకం పెట్టే ముందు మూడు అడుగు. ఒంటరిగా బండి ఇచ్చే ముందు ఎన్ని గంటలు పక్కన మనిషిని కూర్చోబెడతారు? రాత్రి నిద్రొస్తోందని రేడియోలో చెప్పినవాడికి ఏం జరుగుతుంది? పని ఆపే హక్కు ఆపరేటర్‌కి ఉందా? రెండో ప్రశ్నకి ఎదుటివాడు ఒక్క క్షణం తడబడినా గమనించు. వీలైతే ఒకసారి హాల్ రోడ్ చూపించమని అడుగు. రెండు బండ్లు ఎదురెదురుగా పోయే చోట రోడ్డు, పెద్ద డంపర్ వెడల్పుకి మూడున్నర రెట్లు ఉందా, బర్మ్ తెగకుండా ఉందా, వాలులో రాళ్లు పడి ఉన్నాయా చూసుకో. చూసొచ్చాక ఏం కనపడిందో ఇక్కడే రాయి, అప్పుడు మిగతాది మాట్లాడుకుందాం.